ఇరవై నాలుగు సీసాల డీజిలు

నేను కోతలు కోస్తానని తెనాలి మార్కెట్టు వైపు తిరిగిన వాళ్ళందరికీ తెలుసు. రేపల్లె పాసింజరు ఒకసారి నా సైకిలుతో పందెం వేసి ఓడిపోయిందనీ, ఇంజను డ్రైవరు తర్వాతి స్టేషన్లో దిగి నాకు గోళీసోడా ఇప్పించాడనీ చెప్పినవాణ్ణి. ఆ సైకిలుకి చైను కూడా సరిగ్గా నిలవదని వినేవాళ్ళకీ తెలుసు. ఎవరికీ నష్టం లేదు. టీ చల్లారేలోపు కాసేపు నవ్వుకోవడం, అంతే. ఇప్పుడు రాస్తున్నది అలాంటిది కాదు. దానివల్ల ఒక మనిషికి పనీ పోయింది, పేరూ పోయింది.

తొంభైల మొదట్లో నేను కూల్ డ్రింకుల ఏజెన్సీ తీసుకున్నాను. తెనాలి నుంచి రేపల్లె, బాపట్ల కొట్లకు పెట్టెలు వెయ్యాలి. అందుకోసం కొత్త డీజిలు పికప్పు బండి కొన్నాను. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, అద్దానికి బొట్టు పెట్టి బయటికి తీస్తే తెలిసింది, కొత్త బండి కొత్త అల్లుడి లాంటిదని. దాన్ని ఏమీ అనకూడదు. మొదటి నాలుగైదు వేల కిలోమీటర్లు నలభై దాటకూడదు, నిండా లోడు వెయ్యకూడదు, ఇంజను గట్టిగా అరవకూడదు. వెనక డాలా మీద ‘రన్నింగ్ ఇన్’ అని తెల్ల రంగుతో రాయించారు. దాటిపోయే ప్రతి లారీవాడూ అది చదివి, జాలిగా ఒక హారన్ కొట్టి పోయేవాడు. పొన్నూరు దగ్గర ఒక గేదె కూడా నన్ను దాటిపోయింది. ఇది కోత కాదు. అప్పుడు నేను బండి ఆపి టీ తాగుతున్నాను.

ఇంత మర్యాదగా నడిపినా బండి లీటరుకి పది కిలోమీటర్లే ఇచ్చింది. ట్యాంకు నిండా కొట్టించి, తిరిగొచ్చి మళ్ళీ నిండా కొట్టించి చూశాను. పదే. మెకానిక్కుని అడిగితే, “కొత్త ఇంజనన్నా. లోపల పిస్టన్ రింగులు ఇంకా కూర్చోలా. అప్పటిదాకా తాగుద్ది, తాగనియ్యి. తర్వాత అదే పెరుగుద్ది” అన్నాడు.

అదే మాట టీ కొట్లో చెబితే సరిపోయేది. కానీ అక్కడ ఒకాయన, “కొత్త బండి ఎంతిస్తందేంటి?” అని అడిగాడు. అందరూ గ్లాసులు దించి నా వైపు చూశారు. పది అనడానికి నోరు రాలేదు. “పదహారు” అన్నాను. “బాపట్ల నుంచి వచ్చేటప్పుడు సముద్రపు గాలి వెనక నుంచి తోస్తే పదిహేడు” అని కూడా అన్నాను.

అందరూ నవ్వారు. నవ్వనివాడు ఒక్కడున్నాడని తర్వాత తెలిసింది. ఆయన పప్పు మిల్లు యజమాని. మా నాన్న ఈడువాడు, నేను బాబాయ్ అంటాను. సరిగ్గా నా బండి లాంటిదే, నేను కొన్న నెలలోనే ఆయనా కొన్నాడు. తనకు నడపడం రాదు కాబట్టి డ్రైవర్ని పెట్టుకున్నాడు. ఆ డ్రైవరుది రేపల్లె దగ్గర పల్లె. నలభై అయిదేళ్ళుంటాయి. ఇరవై ఏళ్ళు లారీలు తోలిన చెయ్యి. ఆదివారం మాత్రం బండెక్కడు, చర్చి వదిలి రాడు. మిగతా ఆరు రోజులూ ఆయన నడిపితే పప్పు బస్తాల మీద కోడిపెట్ట గుడ్లు పెట్టుకోవచ్చు.

మర్నాడు పొద్దున్నే బాబాయ్ మా ఇంటికొచ్చాడు.

“ఏరా, నీది నిజంగా పదహారిస్తందా?”

“ఇస్తంది బాబాయ్.”

“నాది పది దాటట్లేదు. మావాణ్ణడిగితే కొత్త ఇంజను, రింగులు కూర్చోలేదని పాఠం చెబుతున్నాడు. నీకు కూర్చున్న రింగులు నాకెందుక్కూర్చోవు? ట్యూబు పెట్టి డీజిలు లాగి అమ్ముకుంటున్నాడు.”

అప్పుడు చెప్పాల్సింది. ‘బాబాయ్, నేను కోత కోశాను, ఆయన చెప్పిందే నిజం’ అనాల్సింది. నాలుగు మాటలు. వాటి బదులు, “ఏమో బాబాయ్, ఎవరి సంగతి ఎవరికి తెలుసు?” అన్నాను. ఈ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

బాబాయ్ ఏ విచారణా లేకుండా డ్రైవర్ని పనిలోంచి పంపేసేవాడే. అడ్డుపడింది డ్రైవరే. “అయ్యగారూ, ఆ బాబు బండి నేను తోలతానండి. మీరు పక్కనే కూర్చోండి. నిండా కొట్టించి తెనాలి నుంచి రేపల్లె, అక్కణ్ణుంచి బాపట్ల, మళ్ళీ తెనాలి. ఎంతొస్తదో మీ కళ్ళతో చూడండి. పదహారొస్తే నేనే తాళాలిచ్చి పోతానండి” అన్నాడట. నిజం తన వైపు ఉందని ఆయనకు అంత ధీమా. నా బండి కూడా కొత్తదే కాబట్టి అదీ పదే ఇస్తుందని ఆయనకు తెలుసు.

నాకూ తెలుసు. అందుకే ముందురోజు గోడౌన్లో కూర్చుని ఒక పెట్టెలోని ఇరవై నాలుగు ఖాళీ సీసాల నిండా డీజిలు పోశాను. సైకిల్ ట్యూబు ముక్కలు కోసి మూతులకు బిగించాను. ఆరెంజి డ్రింకు సీసాలు. ఎండకు పెట్టి చూస్తే రంగు కూడా కలిసింది. ఆ పెట్టెని బండిలో మిగతా పెట్టెల మధ్య పెట్టి పైన పట్టా కప్పాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా. ఆ మురిపెం సంగతి దాచను.

మర్నాడు తెనాలి బంకులో ట్యాంకు మూతి దాకా కొట్టించి బయల్దేరాం. డ్రైవరు స్టీరింగు మీద, బాబాయ్ కిటికీ వైపు, మధ్యలో నేను. ముల్లు నలభై దాటలేదు. గేరు మార్చింది తెలియలేదు. రేపల్లెలో నిండు పెట్టెలు దించి ఖాళీవి ఎక్కించుకున్నాం. దారిలో డ్రైవరు నాతో చాలా మామూలుగా మాట్లాడాడు. “బండి బాగా చూసుకుంటున్నారు బాబూ. రేడియేటర్లో మంచినీళ్ళే పొయ్యండి, బోరు నీళ్ళు వద్దు” అన్నాడు. నేను తలూపాను.

బాపట్లలో బాబాయ్ వ్యవసాయ కాలేజీలో ఎవరితోనో విత్తనాల గురించి మాట్లాడాలని దిగాడు. డ్రైవరు మొహం కడుక్కొస్తానని కుళాయి వైపు వెళ్ళాడు. నేను పట్టా ఎత్తి, కిరోసిన్ గరాటు ట్యాంకులో పెట్టి, సీసా తర్వాత సీసా ఒంపాను. ఒక్కొక్కటీ గుడగుడమంటూ దిగుతుంటే ఊరంతా వింటున్నట్టే ఉంది. చివరి నాలుగూ పోసేటప్పుడు గరాటు పక్కకి ఒరిగి డీజిలు మోచేతి దాకా కారింది. సీసాలు పెట్టెలో సర్ది, పట్టా కప్పి తిరిగేసరికి డ్రైవరు బండి ముందు నిలబడి తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. సీటు కింద నుంచి వేస్టు గుడ్డ తీసి నాకందించాడు.

“చేతులు తుడుచుకోండి బాబూ” అన్నాడు.

కూల్ డ్రింకు జిగట అనుకుని ఇచ్చాడని నాకు నేను చెప్పుకున్నాను. ఇది నేను నాకే కోసిన కోత.

బాపట్ల నుంచి తెనాలి దాకా ఆయన అంతే మెత్తగా నడిపాడు. బంకులో మళ్ళీ మూతి దాకా కొడితే ఎనిమిది లీటర్ల పైన కొద్దిగా పట్టింది. తిరిగింది నూట ముప్పై దాకా. బాబాయ్ వేళ్ళ మీద లెక్క వేసుకుని, “పదహారు” అని డ్రైవరు ముందు చెయ్యి చాపాడు. డ్రైవరు నా వైపు ఒకసారి చూశాడు. నేను బంకు బోర్డు చదువుతున్నాను. జేబులోంచి మిల్లు బండి తాళాలు తీసి ఆ చేతిలో పెట్టి, రేపల్లె బస్సు ఆగే వైపు నడిచి వెళ్ళిపోయాడు.

బాబాయ్ కొత్త డ్రైవర్ని పెట్టుకున్నాడు. మూడు నెలలకి రెండు బండ్లూ అయిదువేల కిలోమీటర్లు దాటాయి. మెకానిక్కు చెప్పినట్టే, ఆ డ్రైవరు చెప్పినట్టే, రింగులు కూర్చున్నాయి. నా బండి పదమూడుకొచ్చింది. మిల్లు బండీ పదమూడుకొచ్చింది. బాబాయ్ టీ కొట్టుకొచ్చి అందరి ముందూ అన్నాడు: “చూశారా, మనిషి మారాడు, మైలేజీ మారింది. దొంగని పట్టిచ్చింది మనవాడే.” అని నా వీపు తట్టాడు. ఆ రోజు నేను తాగిన టీ రుచి నాకు తెలియదు.

వారం రోజులు తట్టుకున్నాను. తర్వాత మిల్లుకెళ్ళి అంతా చెప్పాను. పదహారు అబద్ధం, సీసాలు నావి, మనిషి మంచివాడు అని. బాబాయ్ కడుపు పట్టుకుని నవ్వాడు. “ఇరవై నాలుగు సీసాలా? కుదిరిందిరా. మొన్నటి రైలు కంటే బాగుంది” అన్నాడు. ఒట్టేశాను. ఇంకా నవ్వాడు. పోనీ మళ్ళీ కొలిచి చూపిద్దామంటే బండ్లు ఇప్పుడు పదమూడు ఇస్తున్నాయి. ఆ రోజుల పదిని ఏ ట్యాంకులోంచి తీసి చూపించను?

ఆదివారం రేపల్లె వైపు వెళ్ళాను. చర్చి వదిలే వేళకి గేటు దగ్గర నిలబడ్డాను. తెల్ల చొక్కాలో డ్రైవరు బయటికొచ్చాడు. ఒకరి ట్రాక్టరు తోలుతున్నాడట.

“అన్నా, ఆ రోజు నేను...” అన్నాను.

“చూశానండి. ఆరు సీసాలు మిగిలినప్పటి నుంచీ చూశాను.”

“మరి చెప్పలేదేం?”

“నేను చెబితే నమ్ముతారా అండి? మీరే చెబుతారనుకున్నాను. పొన్నూరు దాకా అనుకున్నా. తెనాలి వచ్చాక బంకు దాకా అనుకున్నా. అయ్యగారు చెయ్యి చాపినప్పుడు కూడా అనుకున్నా.”

మిల్లుకెళ్ళి చెప్పాననీ, నమ్మలేదనీ గొణిగాను. ఆయన చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ, “మీరు పదహారన్నది మిల్లులో కాదు కదండి. ఎక్కడన్నారో అక్కడ చెప్పండి. నమ్మితే నమ్ముతారు” అన్నాడు. భోజనానికి రమ్మని కూడా పిలిచాడు. వెళ్ళే మొహం లేక బస్సెక్కాను.

చెప్పాను. మర్నాడే టీ కొట్లో నిలబడి మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. గరాటు దగ్గర నవ్వారు, సైకిల్ ట్యూబు ముక్కల దగ్గర బల్ల మీద కొట్టారు. ఒకాయన పొలమారి టీ కక్కుకున్నాడు. ఆ డ్రైవరు దొంగ కాదంటే, “సరేలే, నువ్వు చెప్పు, తర్వాతేమైంది?” అన్నారు. ఇప్పటికీ ఎవరో ఒకరు కొత్తవాళ్ళని తీసుకొచ్చి, “సీసాల కథ చెప్పు” అంటుంటారు. చెబుతాను. ప్రతిసారీ లీటరుకి పదే అని చెబుతాను, సీసాలు ఇరవై నాలుగే అని చెబుతాను. ఒక్కటి కూడా పెంచను.

ఆ వేస్టు గుడ్డ సంగతి మాత్రం అక్కడ ఎప్పుడూ చెప్పలేదు. దానికీ నవ్వుతారని.