కారం తిన్న కంప్యూటర్

మొన్న దసరా ముందు ఇల్లు దులుపుతున్నప్పుడు మా కోడలు అటక మీది నుంచి నా పాత కంప్యూటర్ డబ్బాను దించి, వాకిట్లో స్టూలు మీద పెట్టి, పక్క రేకు ఊడదీసి, ఈ మధ్యనే తెప్పించుకున్న చిన్న బ్యాటరీ బ్లోయర్‌తో దాని కడుపులోకి గాలి కొట్టింది. పాత సామాన్ల బండివాడికి ఇచ్చేద్దామని ఆమె ఆలోచన, ఇచ్చేదేదో శుభ్రంగా ఇద్దామని ఆమె మంచితనం. గాలి లోపలికి పోయిందో లేదో ముందు కోడలు తుమ్మింది, వెనకే మా అబ్బాయి తుమ్మాడు, గేటు దగ్గర పూలు బేరమాడుతున్న పక్కింటావిడ తుమ్మింది, కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్న నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇదేం దుమ్మత్తమ్మా, గొంతంత మండుతాంది!" అంటూ కోడలు మొహం కడుక్కోవడానికి లోపలికి పరిగెత్తింది. నేను మాత్రం కూర్చున్న చోటు నుంచి కదల్లేదు, ఎందుకంటే ఆ ఘాటు ఎవరిదో నాకు తెలుసు. అది మా మామగారి గిర్నిలో పట్టిన కారం, ఇన్నేళ్ళుగా ఆ డబ్బాలో దాక్కుని ఉంది.

గిర్ని అంటే ఏమిటో మన వయసు వాళ్ళకు చెప్పక్కర్లేదు. నేను వరంగల్లులో ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి ముందు గదికి ఆనుకునే మా మామగారి పిండిగిర్ని ఉండేది, పొద్దున జొన్నలు, గోధుమలు, ఎండ ఎక్కాక పసుపు కొమ్ములు, అన్నీ అయ్యాక చివరికి మిరపకాయలు. ఆ వరుస తప్పితే జొన్నరొట్టె తిన్నవాళ్ళు కూడా మంచినీళ్ళకు పరిగెత్తాల్సి వస్తుంది కనుక, వరుస విషయంలో ఆయన పరమ కచ్చితం. మధ్యాహ్నం కారం పట్టడం మొదలయ్యిందంటే డబ్బాలు పట్టుకుని వరుసలో నిలబడిన వాళ్ళంతా తుమ్మడమే తుమ్మడం, ఎవరు తుమ్మినా మామగారు తల ఎత్తకుండానే "నూరేండ్లు బిడ్డా" అనేవారు. సాయంత్రానికి ఆ దీవెనలతో ఆయన గొంతు బొంగురుపోయేది. ముసలివాళ్ళు తుమ్మినా అదే మాట, తన కంటే పెద్దవాళ్ళు తుమ్మినా అదే మాట, ఒకసారి మేక తుమ్మినా అలవాటుగా అనేశారు.

పెళ్ళికి ముందు నేను టైపు ఇన్‌స్టిట్యూట్‌లో ఇంగ్లీషు, తెలుగు రెండూ నేర్చుకున్నాను. నేర్చుకున్న విద్య గిర్ని పాలు కావద్దని మా అన్న ఒక కంప్యూటర్ కొనిచ్చి ముందు గదిలో పెట్టించి పోయాడు. పెళ్ళి పత్రికలు, కాలేజీ పిల్లల ప్రాజెక్టులు, ఆఫీసులకు అర్జీలు, మగ్గాల వీధి వాళ్ళ పండుగ కరపత్రాలు, ఒక్కొక్కటిగా పని వచ్చిపడింది. అంతకుముందు నేను "గిర్నోళ్ళ కోడల్ని", అది తప్ప నాకు పేరు లేదు. కంప్యూటర్ వచ్చాక వీధి చివర నుంచి ఎవరైనా "టైపు మేడమ్ ఇల్లెక్కడ" అని అడుగుతుంటే లోపల బియ్యం ఏరుతున్నదాన్ని చేట పక్కన పెట్టి, ఇంకోసారి అడుగుతారేమో విందామని ఆగేదాన్ని. ఆ పిలుపంటే నాకు అంత ఇష్టం, దాచుకోవడం దేనికి.

అయితే గోడకు అవతల గిర్ని ఉన్నప్పుడు ఇవతల కంప్యూటర్ ఎన్నాళ్ళు సుఖంగా ఉంటుంది? మొదట లోపలి ఫ్యాను గురక పెట్టింది, తర్వాత వేడెక్కి మూలిగింది, ఆ తర్వాత ఎవరిదో పెళ్ళి పత్రిక సగంలో ఉండగా, వరుడి పేరు వచ్చి వధువు పేరు ఇంకా రాకముందే టక్కున ఆరిపోయింది. హన్మకొండ నుంచి మెకానిక్ వచ్చి రేకు ఊడదీసి, లోపలికి తొంగిచూసి, వరసబెట్టి తుమ్మి, కళ్ళు తుడుచుకుంటూ నాకు పాఠం చెప్పాడు. స్విచ్చు ఆపి, వైరు పీకి, కాసేపు ఆగి, అప్పుడు డబ్బాను వాకిట్లోకి తీసుకుపోవాలట. ఒంట్లో ఉండే చిన్నపాటి కరెంటు దిగిపోవడానికి ముందు ఇనుప రేకును ఒకసారి చేత్తో ముట్టుకోవాలట. మెత్తని పొడి బ్రష్షుతో పైపైన దులపాలి, ఫ్యాను గిరగిరా తిరగకుండా రెక్కను వేలితో పట్టుకోవాలి, తడిబట్ట దగ్గరికి కూడా రానియ్యకూడదు, నోటితో ఊదడం అసలే వద్దు. నెలకోసారి ఇట్లా చేస్తే చాలని చెప్పి, ఇంకోసారి పిలిస్తే మాత్రం ముక్కుకు గుడ్డ కట్టుకునే వస్తానన్నాడు.

ఆ తుమ్ములు గిర్నిలోకి వినిపించాయి, "నూరేండ్లు" అంటూనే మామగారు వచ్చారు. తూకం దగ్గర కూర్చునే మనిషి మానేసి అప్పటికి కొన్నాళ్ళయింది, ఆయన చూపు నా మీద ఉందని నాకు తెలుసు. "బిడ్డా, గీ డబ్బ మాటిమాటికి ఆగుతాంది. ఇంకొక్కపారి ఆగిందంటే అటక మీదికెక్కిస్త. నువ్వు తరాజు కాడ కూసుందువు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. కోపంగా అన్నా బాగుండేది, బతిమాలుకోవచ్చు. ఆయన శాంతంగా అన్నారు, ఇక బతిమాలడానికి లేదు. తరాజు పని తక్కువదని కాదు, టైపు మేడమ్ పోయి మళ్ళీ గిర్నోళ్ళ కోడలే మిగులుతుందని నా భయం.

గిర్నికి అమావాస్య నాడు సెలవు, ఆ రోజు అరిగిన గిర్ని రాళ్ళకు గాట్లు కొట్టించేవారు. మామగారు అక్కడ ఉంటారు, ఇంటివైపు రారు. ఆ మంచి సమయం చూసి నేనూ మా అత్తగారూ డబ్బాను పెరట్లోకి మోసుకుపోయాం. అవును, అత్తగారే. ఆమెకు కంప్యూటర్ మీద ప్రేమ లేదు గాని, మామగారికి తెలియకుండా చేసే పని ఏదైనా సరే ఆమెకు భలే హుషారు. వైరు పీకేశాం కదా, కరెంటు రాదత్తమ్మా అని ఎంత చెప్పినా వినక మామగారి రబ్బరు చెప్పులు తొడుక్కుని, చీర కుచ్చిళ్ళు ఎగదోపి, ఫ్యాను రెక్క మీద వేలు పెట్టి, పాము తల పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చుంది. మరి మెత్తని బ్రష్షు? దానికీ ఆమే ఉపాయం చెప్పింది. మామగారి గడ్డం బ్రష్షు పట్టులాంటిది, అమావాస్య నాడు ఆయన గడ్డం గీసుకోరు, కాబట్టి ఆ రోజంతా బ్రష్షుకూ సెలవే. దులుపుతుంటే పైన ఎర్రటి కారం, దాని కింద పసుపు, దాని కింద తెల్లటి పిండి రాలాయి. మేమిద్దరం కొంగులు మూతులకు కట్టుకుని నవ్వుతూ, తుమ్ముతూ పని ముగించాం. డబ్బాను గదిలో పెట్టి స్విచ్చు వేస్తే ఫ్యాను చప్పుడే లేదు. అత్తగారు బ్రష్షును చెంబు నీళ్ళలో ఒకసారి జాడించి ఎక్కడిది అక్కడ పెట్టేసింది.

కారం నీళ్ళకు పోదని గిర్ని ఇంట్లో పుట్టి పెరిగిన పిల్లి కూడా చెబుతుంది, ఆ ఉత్సాహంలో మా ఇద్దరికీ తట్టలేదు. మర్నాడు పొద్దున మామగారు కిటికీ ఊచకు అద్దం తగిలించి, సబ్బు నురగ తీసి, ఈ చెంప, ఆ చెంప, గడ్డం కింద, నింపాదిగా పట్టించుకున్నారు. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత "ఓ యవ్వా!" అని ఒక్క కేక వేశారు, గిర్ని ముందు నిలబడిన వాళ్ళంతా డబ్బాలు వదిలేసి లోపలికి వచ్చారు. అత్తగారు పెరుగు గిన్నె తెచ్చి రెండు చెంపలకూ పట్టించింది. అంత మంటలోనూ ఆయన బ్రష్షును ముక్కు దగ్గర పెట్టుకుని ఒక్కసారి పీల్చి, "ఇది మన కారమే. దీంట్లకెట్లచ్చింది?" అన్నారు. అత్తగారికి అబద్ధం ఆడటం రాదు, అందుకని నా వైపు చూసింది.

చెప్పేశాను. చెంపల మీద పెరుగుతోనే ఆయన ముందు గదిలోకి నడిచారు, అటక నిచ్చెన ఎక్కడుందోనని చూసుకుంటూ నేను వెనకే వెళ్ళాను. స్విచ్చు తీసి, వైరు పీకి, రేకు ఊడదీసి చూపించమంటే చూపించాను. మా బ్రష్షు అందని మూలల్లో ఇంకా ఎర్రగానే ఉంది. "ఇంత మిగిల్చిండ్రేంది" అంటూ, నేను వద్దు వద్దనే లోపల, గిర్ని తొట్టిని ఊదే అలవాటుతో ఆయన ఊపిరి బిగబట్టి బలంగా ఊదారు. ఆ మూలల్లోది మొత్తం లేచి నేరుగా ఆయన మొహానికే వచ్చింది. ఆయన తుమ్ముతుంటే పెరుగు చుక్కలు గోడ మీద పడ్డాయి, అత్తగారు నవ్వు ఆపుకోలేక నేల మీద కూలబడింది. మామగారు తనకు తానే "నూరేండ్లు, నూరేండ్లు" చెప్పుకుని, ఎర్రటి కళ్ళతో నా వైపు కాదు, డబ్బా వైపు చూశారు.

"ఇదంత కడుపుల పెట్టుకోని గిన్ని దినాలు నడిచిందా బిడ్డా?" అని అడిగారు. నడిచింది మామయ్యా అన్నాను. "గింత కారం తిని గూడ నడుస్తాందంటే ఇది మనింటిదే. ఉండనియ్" అన్నారు, పెరుగు తుడుచుకుంటూ గిర్నిలోకి వెళ్ళిపోయారు. నాకు ఏడుపొచ్చింది, కారానికే అనుకున్నారందరూ.

ఆ వారంలోనే తరాజు దగ్గరికి వేరే మనిషి వచ్చాడు. మామగారు పిండి సంచి గుడ్డతో కంప్యూటర్‌కు ఒక తొడుగు కుట్టించారు. అమావాస్య అమావాస్యకు రాళ్ళ పని చూసుకుని, తువ్వాల ముక్కుకు చుట్టుకుని, ఆ పనికే కొన్న కొత్త బ్రష్షుతో ఆయనే స్వయంగా దులిపేవారు, ఫ్యాను రెక్క పట్టుకునే కొలువు మాత్రం అత్తగారిదే. తన గడ్డం బ్రష్షును ఆ రోజుల్లో దిండు కింద పెట్టుకుని పడుకునేవారు. వరుసలో ఎవరైనా సంచి గట్టిగా దులిపితే "మెల్లగ, మెల్లగ, అవుతల టైపు మేడమ్ పని జేస్తాంది" అని కసురుకునేవారు. ఆయన నోట ఆ పేరు విన్న మొదటిరోజు నేను అక్షరాలు తప్పులు కొట్టాను.

తర్వాత అందరి ఇళ్ళకూ ప్యాకెట్ల కారం వచ్చింది, అందరి జేబుల్లోకీ ఫోన్లు వచ్చాయి, గిర్నికీ నాకూ ఇంచుమించు ఒకేసారి పని తగ్గింది. మామగారు పోయారు, అత్తగారు పోయారు. గిర్ని ఉన్నచోట ఇప్పుడు కారు నిలుపుతున్నాం. కంప్యూటర్ అటక ఎక్కింది, కానీ ఎవరి శిక్షతోనో కాదు, వయసు మీరి ఎక్కింది. ఇప్పుడు మా ఇంట్లో టీవీ మీదా ల్యాప్‌టాప్ మీదా పడే దుమ్ముకు రంగూ లేదు, వాసనా లేదు. తుడుస్తాం, పారేస్తాం, అది ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరూ అడగరు.

కోడలు మొహం కడుక్కుని వచ్చేసరికి నేను రేకు మూసి మర బిగిస్తున్నాను. సామాన్ల బండికి ఇవ్వొద్దనీ, దులపొద్దనీ, మళ్ళీ అటక మీదే పెట్టించమనీ చెప్పి, అంతలోనే గట్టిగా తుమ్మాను. తుమ్మి, ఎందుకో తెలియదు, ఒక క్షణం ఆగాను. కోడలు గబగబా నీళ్ళ గ్లాసు తెచ్చి "డస్ట్ అలర్జీ అత్తమ్మా, ఈ గోలీ ఏసుకోండ్రి" అన్నది. పాపం, ప్రేమగానే అన్నది. తుమ్మితే మామగారు అనే ఆ మాట అనవలసిన పెద్దమనిషి ఇప్పుడు ఈ ఇంట్లో నేనేనని నాకు అప్పుడు తట్టింది. గోలీ పక్కన పెట్టి, ఇందాక అందరికంటే ముందు తుమ్మింది ఆమే కదా అని, ఆలస్యంగానైనా సరే, "నూరేండ్లు బిడ్డా" అన్నాను.