శబరిలో బొప్పాయి కాడ

నా మాటల్లో సగం కోతలేనని ముందే ఒప్పుకుంటున్నాను. మొన్న సముద్రంలో చేపల్ని చూడ్డానికి మా అమ్మాయి స్నార్కెల్ గొట్టం నోట కరుచుకుని మునగగానే, నా గుండె బస్తర్ దాకా పరుగెత్తింది.

అప్పుడు నాకు ఏడేళ్లు. బస్తర్ అడవుల్లో పారే శబరి నది మధ్య లంకలో రైలుపెట్టెంత మొసలి ఎండ కాచుకుంటోంది. దాన్ని చూపిస్తానని నన్ను పడవెక్కించిన బాబాయి, బొప్పాయి కాడతో ఊపిరి తీసుకుంటూ చేపల కోసం నీళ్లలో మునిగాడు. కాసేపటికి కాడ ఒక్కటే తేలింది. లంక మీద మొసలి లేదు.

"బాబాయిని మింగేసింది!" అని అడవి అదిరేలా అరిచాను.

పడవ నడిపే తాత నా భయం చూసి నవ్వాడు. "ఏంది పిలగా, గంత బుగులు? గా రాయెనక దగ్గుతున్నడు సూడు మీ బాబాయి. నీళ్లు మింగిండు, గంతే!"

మొసలి నిజమే. నేను అరవడమే కల్పన. నిజానికి పడవలో అడుగున ముడుచుకుని, కళ్లు గట్టిగా మూసుకున్నాను.