గడియ పెట్టుకుని పడుకో

లారీ ఆఫీసులో మా బావని అందరూ కుంచె మాస్టారు అనేవాళ్ళు. దూరం వెళ్ళే మూటల మీద, పెట్టెల మీద చిరునామాలు రాయడం ఆయన ఉద్యోగం. నల్ల రంగులో కుంచె ముంచి, గుండ్రంగా, లావుగా రాసేవారు.

“అక్షరానికి బొజ్జ ఉండాలి మరదలు పిల్లా. లేకపోతే వానకి కరిగిపోతుంది” అనేవారు. నేను మనవల్ని ఎత్తినా ఆయనకి మరదలు పిల్లనే.

“మిమ్మల్ని చూసే నేర్చుకున్నట్టున్నాయి” అనేదాన్ని. మా అక్క కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

ఆ అక్కకే మతిమరుపు పట్టుకుంది. మొదట పొయ్యి ఆర్పడం మరిచిపోయింది, తర్వాత తానుండే వీధి మరిచిపోయింది. పక్కవాటాలోనే ఉంటాను కాబట్టి అన్నీ నా కళ్ళముందే జరిగాయి. నోటితో చెబితే పోట్లాడేది. “నాకు తెలీదా, నువ్వు చెప్పాలా” అని మీదికొచ్చేది. అప్పుడు బావ అట్టముక్కల మీద రాసి ఇల్లంతా అంటించారు. పొయ్యి దగ్గర ‘ముట్టుకోకు, నేనొచ్చి వెలిగిస్తాను’. వీధి తలుపు మీద ‘బజారుకెళ్ళాను, వచ్చేస్తాను, ఇంట్లోనే ఉండు’. బయటికి పోబోయినా అది చదువుకుని, “ఆయన చెప్పారుగా” అంటూ వెనక్కొచ్చి కూర్చునేది. చెబితే వినని మనిషి, రాస్తే మాత్రం వినేది. ఆ రాత చూస్తే అక్కకి అంత ధైర్యం.

ఆ తర్వాత బావకి పక్షవాతం వచ్చింది. కాలు కాస్త తేరుకుంది గానీ కుడిచెయ్యి పడిపోయింది. వంటింటి ఆవిరికి అట్టలు మాసిపోయి ఊడిపోతుంటే వాళ్ళ కొడుకు చూసి ఊరుకోలేకపోయాడు. అవే మాటలు కంప్యూటర్లో కొట్టించి, లామినేషన్ చేయించి, తిన్నగా అంటించాడు. పాతవన్నీ చెత్తబండిలో వేసేశాడు.

“ఎలా ఉంది పిన్నీ?” అన్నాడు.

“శుభ్రంగా ఉందిరా. ఆస్పత్రిలాగా” అన్నాను. నా నోరు అలాంటిది.

మర్నాడు పొద్దున వెళ్ళేసరికి అక్క బయటికెళ్ళే చీర కట్టుకుని, ఒళ్ళో సంచీ పెట్టుకుని ముందుగదిలో కుర్చీలో ఒద్దికగా కూర్చుని ఉంది.

“మన పేరు ఎప్పుడు పిలుస్తారే?” అంది నెమ్మదిగా. “ఇక్కడి పని అయిపోతే ఇంటికి పోవాలి. ఆయన వచ్చే వేళయింది.”

ఆ ‘ఆయన’ ఎదురు కుర్చీలోనే ఉన్నారు. గోడల నిండా అచ్చు కాగితాలు చూసి అది ఏదో ఆఫీసనుకుంది. ఆ వారంలోనే చూసీ చూసీ, ఎవరూ పిలవలేదని లేచి వెళ్ళిపోయింది కూడా. నాలుగురోడ్ల కూడలిలో, కాళ్ళకి చెప్పుల్లేకుండా నిలబడి ఉంటే టీకొట్టు ఆయన చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి దిగబెట్టాడు.

కొడుకు చెడ్డవాడేం కాదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. “ఇంకోసారి ఇలా వెళ్ళిందంటే లారీ కిందో బస్సు కిందో పడుతుంది పిన్నీ. నేను ఉద్యోగం మానుకుని కాపలా ఉండలేను. ఎక్కడైనా ఆశ్రమంలో చేర్పిద్దాం” అన్నాడు. బావ వింటూ తలొంచుకున్నారు.

వాడు వెళ్ళగానే ఎడమచేత్తో కుంచె పట్టుకున్నారు. వీధి తలుపు మీది ఆ ఒక్క మాట రాయడానికి పూటంతా పట్టింది. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అక్క చూసి, “ఎవరి పిల్లాడో తలుపు పాడుచేశాడు” అంటూ పీకి పారేసింది. ఆయన నవ్వబోయి, గోడవైపు తిరిగి కూర్చున్నారు. నేనూ రాసి చూశాను. “ఇది నీ కోడిగెలుకుడే. నువ్వు చెప్పిందాంట్లో ఏనాడు నిజముంది గనక” అంది. నన్ను మాత్రం ఇట్టే పట్టేసింది తల్లి.

అప్పుడు గుర్తొచ్చింది నాకు బిస్కెట్ల డబ్బా. పెళ్ళైన కొత్తలో బావని ఎక్కడో దూరపు బ్రాంచికి వేశారు. వారం వారం అక్కకి కార్డు రాసేవారు. అక్క అన్నీ ఆ డబ్బాలో దాచుకుంది. అక్క కంటే ముందు నేనే చదివేసేదాన్ని. వెతికితే నాకు కావలసింది దొరికింది.

‘రేపు లారీలో వచ్చేస్తున్నాను. నువ్వు ఎక్కడికీ వెళ్ళకు. పొయ్యి ఆర్పావో లేదో చూసుకో. తలుపు గడియ పెట్టుకుని పడుకో.’

అంచులు పసుపెక్కాయి గానీ అక్షరం చెక్కుచెదరలేదు. వీధి తలుపుకి గుచ్చాను.

“ఏనాటి మాట అది. ఇప్పుడు చెల్లుతుందా?” అన్నారు బావ.

“బొజ్జలున్నాయిగా, కరగవులెండి.”

అక్క సంచీ పట్టుకుని తలుపు దాకా వచ్చింది. కార్డు మీద వేలు పెట్టి నెమ్మదిగా చదువుకుంది. మళ్ళీ చదువుకుంది. సంచీ కింద పెట్టేసి, వంటింట్లోకి వెళ్ళి పొయ్యి చూసుకుంది. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. బావ కుర్చీలో నిటారుగా కూర్చుని, ఎడమచేత్తో జుట్టు సర్దుకున్నారు.

అక్క గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి ఆయన చేతికిచ్చింది.

“మావారు రేపు వస్తున్నారండీ. ఉత్తరం రాశారు. మీరేం పనిమీద వచ్చారో గానీ ఇవాళ లాభం లేదు” అంది.

నేను నోరు తెరవబోయాను. బావ కళ్ళతోనే వద్దన్నారు. నీళ్ళన్నీ తాగి గ్లాసు తిరిగిచ్చారు.

“అలాగేనండీ. రేపొస్తాను” అన్నారు.

“రండి. ఆయన మాటంటే మాటే.”

కర్ర ఊతంతో ఆయన మెల్లగా గడప దాటారు. వెనకాలే నేనూ వెళ్ళాను. లోపల అక్క గడియ పెట్టుకున్న చప్పుడైంది. బావ మెట్టు మీద కూలబడి, ఆ మూసిన తలుపు వైపే చూస్తూ ఉండిపోయారు. చెంపల మీద తడి తుడుచుకోలేదు.

“చూశావా మరదలు పిల్లా, నా మాట ఎంత బాగా వింటుందో” అన్నారు.