ఎడమవైపు పల్లం

మా కోనసీమ మట్టిలో గులకరాయి కూడా పుట్టదు. ఇంట్లో రాయి ఉందంటే అది ఏనాడో ఎగువనుంచి పడవలో వచ్చిందే. మా సన్నికల్లు అమ్మ అత్తగారి నాటిది. అమ్మది ఎడమచేతి వాటం. నలభై ఏళ్ళు ఆమె నూరగా నూరగా రాయి ఎడమవైపు పల్లమయింది.

అమ్మ పోయిన ఏడాది, అంటే పంతొమ్మిది వందల యాభైల మొదట్లో, వదిన రోజూ రాయిని కడిగి ఎండలో పెట్టేది. కుడివైపు ముందు ఆరేది. ఎడమవైపు అరచేతి మేర తడి మరో అరగంట మిగిలేది. పల్లంలో నీరు నిలుస్తుంది. అందులో వింతేమీ లేదు. అయినా ఆ తడి ఆరేవరకు నేను అటు నడవలేకపోయేవాణ్ణి.

"మరిదిగారూ, పొత్రం ఒక పక్కకే జారిపోతోందండి. మిరపకాయ మిరపకాయలాగే ఉంటోంది. పచ్చడి నూరేవా, పళ్ళకి పని పెట్టేవా అంటున్నారు మీ అన్నయ్యగారు," అంది వదిన.

రాళ్ళకు ఉలితో గంట్లు కొట్టే మేస్త్రి వచ్చి చూశాడు. "ముప్పాతికంగుళం చెక్కేస్తే సాపయిపోద్దండి, ఆయ్," అని, ఎల్లుండి వస్తానన్నాడు.

వదిన మాట న్యాయమైనదే. చెక్కితే అమ్మ చేయి పోతుందని పైకి అనలేకపోయాను.

అప్పట్లో నేను ఓవర్సీయరును. పలివెల దగ్గర మురుగుకాలవ లోతు చేయిస్తున్నాను. మర్నాడు ఆరడుగుల దిగువన పాత ఇటుకల వరుస తగిలింది. ఒక్కొక్క ఇటుక పదహారంగుళాల పొడవు; ఇప్పటి ఇటుక బట్టీల్లో కాల్చే కొలత కాదు. దాని పక్కనే ఒక నూరుడు రాయి దొరికింది. రెండు ముఖాలూ అరిగి ఉన్నాయి. పైముఖం పల్లం సరిగ్గా మధ్యన ఉంది, దాని నిండా ఉలి గంట్లు. కింది ముఖం పల్లం ఎడమకు ఒరిగి ఉంది, నునుపు మీద ఒక్క గంటూ లేదు.

మట్టి మోసే ముఠాలో పెద్దామె రాయిని కడిగి, కింది పల్లంలో చేయి పెట్టి చూసింది. "ఎడంచేతి మనిషండి బాబుగారూ. ఆవిడ పోయాక తిరగేసి వాడుకున్నారండి."

"ఆవిడతో కాపరం చేసినట్టే చెబుతాది!" అని తక్కినవాళ్ళు నవ్వారు.

"చెక్కి సాపు చేసుకోవచ్చుగా?" అన్నాను.

"చేసుకోవచ్చండి. చెయ్యలేదు కదండీ మరి."

రాయి ఆరుతోంది. కుడివైపు తెల్లబడింది. ఎడమవైపు అరచేతి మేర తడి మిగిలింది.

ఆమె చెప్పింది ఊహే కావచ్చు. నేను కొలవగలిగింది లోతు మాత్రమే. రాయిని ఆఫీసుకు పంపాలేమో అన్నాను.

"ఆవిడకి ఆఫీసులో ఏం పనండీ?" అంటూ రాయిని పాతడానికి గట్టులో గుంట తీసింది. "ఏ పక్క పైకి పెట్టమంటారండి?"

"దొరికినప్పుడు ఉన్నట్టే పెట్టు."

నివేదికలో ఇటుకల సంగతి రాశాను. రాయి సంగతి రాయలేదు.

ఇంటికి వచ్చి, "వదినగారూ, చెక్కించవద్దు. తిరగేసి, కింది ముఖానికి గంట్లు పెట్టిద్దాం," అన్నాను.

వదిన రాయివైపు చూసింది. "చివర్లో అత్తయ్యగారు బోర్లా పడుకోలేకపోయేవారండి, ఆయాసంతో," అంది. కాని మర్నాడు మేస్త్రి వచ్చేసరికి రాయిని తనే తిరగేసి ఉంచింది.

ఆనాటినుంచి సన్నికల్లు మోత మారింది. కింది పల్లానికీ నేలకూ మధ్య, అన్నిటికన్నా లోతైన చోట, అరంగుళం పైచిలుకు ఖాళీ ఉంది. గుల్ల శబ్దానికి అదే కారణం. అది నాకు తెలుసు. అయినా వదిన నూరుతున్నంతసేపూ, రాయికి అవతలి పక్కనుంచి మరెవరో కూడా నూరుతున్నట్టే వినిపించేది.