బావ పెదవులు

మరణాన్ని దాటి వచ్చిన ప్రేమ, పాపం, ప్రాయశ్చిత్తం: ఇది సూరత్ మహాకావ్యం. అంత లేదు లెండి. సూరత్ పక్కన పల్సానాలో ఒక మరమగ్గాల షెడ్డు, నేనాడిన ఒక అబద్ధం, అంతే. మొన్న కామ్‌రేజ్‌లో ఒక కొత్త మిల్లుకు వెళితే కుర్రాళ్లందరి చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు, ఎవరూ ఎవరి మొహమూ చూడటం లేదు, అప్పుడు గుర్తొచ్చింది.

మా రోజుల్లో, అంటే పదేళ్ల కిందట, మగ్గాల మోతలో మాట వినపడేది కాదు గనుక ఎదుటివాడి పెదవులు చూసి చదువుకునేవాళ్లం. నా ఎదుటి మగ్గం ఊరి వరసకు బావయ్యే ఆయనది. జ్వరమొచ్చి వారం తిరక్కుండా పోయాడు. అందరూ దిగాలుగా ఉన్నారని, నవ్విద్దామనుకుని, ఆగిపోయిన ఆ మగ్గం వెనక బావ నిలబడి నాకేదో చెప్పాడని అన్నాను. ఎవరూ నవ్వలేదు. మర్నాటికి దాని మీద నిమ్మకాయ, అగరొత్తులు; నడపడానికి ఒక్కడూ రాలేదు. పట్టపగలు, తక్కినవన్నీ గోల చేస్తుంటే, అదొక్కటే నోరు మూసుకుని నావైపే చూస్తున్నట్టుండేది. ఉండుండి దాని నూలుపోగులు సన్నగా వణికేవి. అది మాత్రం నా కల్పన కాదు.

నెల తర్వాత బావ పెట్టె కోసం ఆయన భార్య ఊరినుంచి వచ్చింది. నా కథ ఆమె బయల్దేరకముందే ఊరు చేరిందట. షెడ్డు బయట నన్ను పట్టుకుంది.

“తమ్మీ, ఏమన్నడు? మల్ల కనవడ్తడేమో, నేనీడ్నే ఉంట. పిల్లను మా అత్తకాడ ఇడిసొచ్చిన.”

ఆదివారం ప్రార్థన నుంచి వస్తూ మా అమ్మ అనేది, యేసయ్య బిడ్డలం, నిజమే చెప్పాలె, గాని రాయి లెక్క ఇసరొద్దు అని. విసరకుండా ఎలా ఇవ్వాలో మాత్రం చెప్పలేదు.

“అక్కా, అబద్ధమాడిన. బావ నాకు కనవడలే. తప్పయింది.”

“నీ నోట్ల మన్నువడ!”

పడాల్సిందే. కానీ చెప్పాల్సిన నిజం ఇంకొకటి మిగిలింది.

“బతికున్నప్పుడు రోజూ పోగులు ముడేసుకుంట నీతోనే మాట్లాడేటోడక్కా. తిన్నవా, పిల్ల బడికి వోయిందా అని. మోతల ఎవ్వలికి వినవడది. నేను పెదవులు చూసిన.”

ఆమె లోపలికి వెళ్లి, ఆ మగ్గం ముందు నిలబడింది. ఆమె పెదవులు కదిలాయి. చూడకూడదనుకుంటూనే చదివేశాను: తిన్న. పిల్ల బడికి వోతది. నేను వోత.

పోగులు వణికాయి. నా జన్మలో మొదటిసారి నాకు జోకు రాలేదు.

సాయంత్రం బండికే ఆమె పిల్ల దగ్గరికి వెళ్లిపోయింది. ఇప్పుడు మిల్లుల్లో ఎవరు ఎవరితో ఏం మాట్లాడుకుంటున్నారో చూసి చదివేవాళ్లు లేరు; మనిషి పెదవులు ఊరికే కదిలి ఆగిపోతుంటాయి.

ఆమె వెళ్లిన మర్నాడు, మగ్గాలు బాగుచేసే మిస్త్రీ వచ్చి చూశాడు. ఆ మగ్గం కాలికి ఒక బోల్టు వదులైందట, పక్క మగ్గం అదురు దీనికి తగులుతోందట. బిగించాడు. మళ్లీ వణకలేదు.