పులి, అమరుడు, మా తమ్ముడు

సిపాయిగా వెళ్లిన మా తమ్ముడు సరిహద్దు యుద్ధంలో కాలికి దెబ్బ తగిలి బద్వేలులో ఇంటికి వచ్చాడు. నెలలు గడిచినా నోరు విప్పలేదు. వచ్చిన ప్రతివాళ్లూ యుద్ధం సంగతులే అడిగేవాళ్లు. వాడు గోడవైపు చూసేవాడు. "నా కొడుకు వచ్చినాడు గానీ, వాని మాట యాడనో ఉండిపోయిందే" అని అమ్మ నా దగ్గర ఏడ్చేది. నాకేమో ఏడుపు రాదు, కోపం వస్తుంది. అదంతా ఇంట్లో గిన్నెలమీద చూపించేదాన్ని.

అట్లాంటి రోజుల్లో ఊళ్లో కవి సమ్మేళనం పెట్టి, అక్కడే వాడికి సన్మానం చేస్తామన్నారు. నేను తెలుగు టీచర్ని కాబట్టి వాణ్ని ఒప్పించే పని నాకే అప్పగించారు. మన సన్మానాల సంగతి నాకు తెలియనిదా! ఒక శాలువా, ఒక పూలదండ, మైకు వదలని పెద్దమనుషులు. కానీ అమ్మ పట్టుపట్టింది. నలుగురిలో కూర్చుంటే అయినా వాడు మాట్లాడతాడేమోనని ఆమె ఆశ.

మొదటి కవి కాలేజీ లెక్చరర్. ఆయన గొంతెత్తితే కుర్చీలు అదిరాయి. ఆ కవితలో మా తమ్ముడు పులి, పిడుగు, శత్రువుల గుండెల్లో నిద్రపోయినవాడు. జనం ఈలలు వేశారు. వాడు మాత్రం శాలువా కొస వేలికి చుట్టుకుంటూ తల దించుకున్నాడు.

రెండో కవి మా వీధిలో బట్టలు కుట్టే సాయబు. మేము మామా అని పిలుస్తాం. మెత్తని మనిషి, యుద్ధం పేరెత్తితేనే కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. ఆయన కవితలో సిపాయి మంచులో ఒరిగిపోయాడు, శవపేటిక ఇంటికొచ్చింది. "అమరుడా, ఒక్కసారి కళ్లు తెరువు" అని ఆయన బొంగురు గొంతుతో అనేసరికి ఆడవాళ్లు కొంగులతో కళ్లు ఒత్తుకున్నారు. ఆ ఊపులో చేయి చాపి మా తమ్ముణ్ణే చూపించాడు!

అమరుడంటే మన వైపు ఒకటే అర్థం, ఫోటోకు దండ పడినవాడు. అమ్మ ముందు వరసలోంచి చివాలున లేచింది.

"ఏమప్పా! నా కొడుకు ఈడ గుండ్రాయి మాదిరి కూచోనుంటే అట్ల సంపేస్తివే! బతికినోనికి ఎవురన్నా ఏడుస్తారా?"

మామ నాలుక కరుచుకున్నాడు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. అప్పుడు వినిపించింది నవ్వు. మా తమ్ముడిది! పొట్ట పట్టుకుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వి, మైకు అందుకున్నాడు.

"మామా, నేను సావలేదు. సారూ, నేను పులిని గూడా కాదు. శానా బయపడినా. గుంతలో దాక్కోని పక్కనోని చేయి పట్టుకున్నా. వాడూ బయపడినాడు. వాని భాష నాకు రాదు, నా భాష వానికి రాదు. బయానికి హిందీ గూడా మరిచిపోయి నేను తెలుగులో మాట్లాడతా ఉంటి, వాడు వాని భాషలో మాట్లాడతా ఉండె. ఇద్దరం బతికినాం. ఇది గూడా రాయండప్పా."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. లెక్చరర్ మాత్రం మెల్లగా లేచి "రాస్తా నాయనా" అన్నాడు. ఆయన మీద నాకున్న చిరాకు అక్కడికక్కడే పోయింది.

అమ్మ వేదికెక్కి వాడి పక్కన నిలబడింది. "ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదురా?"

"యుద్ధం ఎట్లుండాది, యుద్ధం ఎట్లుండాది అని అందరూ అడిగిరి మా. దానికి నేనేం చెప్పేది?"

అమ్మ వాడి తల నిమిరింది. "నీకెట్లుండాదిరా ఇప్పుడు?"

మైకు ఇంకా వాడి చేతిలోనే ఉంది కాబట్టి సభంతా విన్నది.

"ఆకలైతాండాది మా."