అవ్వ చెవులకు వచ్చిన అప్‌డేట్

నాకు ఏడాదికి మూడు పండుగలు. క్రిస్మస్, మా చర్చి సంఘం కోత పండుగ, ఆ కంపెనీ తన కొత్త సరుకు చూపించే రోజు. కంపెనీ పేరు చెప్పను. చెబితే వాళ్ల ప్రచారం నేను జీతం లేకుండా చేసినట్టవుతుంది. ఇప్పటికే చాలా చేశానని మా స్టాఫ్ రూములో అంటుంటారు. కరీంనగర్‌లో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను నేను. పాఠం మధ్యలో కొత్త ఫోను కెమెరా గురించి మొదలుపెడితే పిల్లలే నన్ను మళ్లీ కటకాల దగ్గరికి లాక్కురావాలి.

వాళ్ల కార్యక్రమాన్ని నేను మర్నాడు పొద్దున చూస్తాను. గ్రూపులేవీ తెరవను. ఎవరైనా ముందే చెప్పేస్తే నాకు ఒళ్లు మండుతుంది. చాయ్ పెట్టుకుని, పరీక్ష పేపరు చూసినట్టు ఒక్కొక్కటే చూస్తాను. ఈసారి ఒక ఫోనును మరీ పలుచగా చేశారు. చేతిలో ఉందో లేదో తెలియదట. ఉందో లేదో తెలియని వస్తువు బస్సులో పోగొట్టుకోవడానికి తప్ప దేనికి పనికొస్తుంది? బ్యాటరీని కోసి సన్నగా చేయడం నా దృష్టిలో ఘనకార్యం కాదు. కానీ పండిన నారింజ రంగులో ఇంకొక పెద్ద ఫోను తెర మీదికి వచ్చేసరికి చాయ్ తాగడం మరచిపోయాను. నిద్ర ఎలా పట్టిందో మార్కులు వేసే గడియారం ఒకటి చూపించారు. నా నిద్రకు మార్కులు వేసే హక్కు ఎవరికీ ఇవ్వను. ఇక సాఫ్ట్‌వేర్ అంతా గాజుతో చేసినట్టుంది. అక్షరం కనబడాలంటే కళ్లు చిట్లించాలి. నా పాత ఫోనులోకి కూడా అది ఎక్కగానే తిట్టుకున్నాను. తిట్టుకుంటూనే ఆ గాజును వేలితో అటూ ఇటూ తోస్తూ పావుగంట కూర్చున్నాను.

ఇయర్‌బడ్స్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం లేచి నిలబడ్డాను. ఫోనే మన చెవులకు పరీక్ష పెడుతుందట. ఎంత వినికిడి తగ్గిందో చూసి, అంత మేరకు చుట్టూ ఉన్న మాటలను ఇయర్‌బడ్స్ పెంచి వినిపిస్తాయట. మన దేశంలో కూడా పనిచేస్తుందని చిన్న అక్షరాల్లో రాసి ఉంది. ఆ చిన్న అక్షరాలను మూడుసార్లు చదివాను.

ఎందుకంటే మా అవ్వకు వినబడదు. భైంసాలో ఒక జిన్నింగు మిల్లులో ఇరవై ఏళ్లకు పైగా పత్తి మిషన్ల పక్కన నిలబడింది. ఆ రోజుల ఫోటో ఒకటి మా హాల్లో ఉంది. ఆరుగురు ఆడవాళ్లు, అందరి కొంగులూ ఒకే తీరుగా నెత్తికి బిగించి, చెవుల వెనక నుంచి తిప్పి మెడ వెనక ముడివేసి ఉంటాయి. నూగు జుట్టులో పడకుండా కొంగు, మిషను బెల్టు తెగేముందు చప్పుడులో వచ్చే తేడా పట్టుకోవడానికి బయట చెవులు. ఆ చెవులే పోయాయి. నేను హైస్కూలుకు వచ్చేసరికే అవ్వ మనుషుల పెదవులు చూసి మాటలు పట్టుకునేది. ప్రార్థనలో నేను దొంగతనంగా ఒక కన్ను తెరిస్తే, అవ్వ రెండు కళ్లూ తెరుచుకుని పాస్టరయ్య నోటివంక చూస్తూ ఉండేది. అయినా నన్నే గిల్లేది. ఆమెన్ ఎక్కడ అనాలో ఆమెకు అలా చూస్తేనే తెలిసేదని నాకు చాలా ఏళ్లకు అర్థమైంది.

అలాంటి అవ్వ మా పాత సంఘంలో కీర్తన ఎత్తుకునే మనిషి. భైంసా దగ్గరి ఆ చిన్న గుడిలో కోత పండుగనాడు మొదటి పాట ఆమెదే. మేము కరీంనగర్‌కు వచ్చేసినా ఆ ఒక్కరోజుకు తప్పకుండా వెళ్లేవాళ్లం. శ్రుతి జ్ఞాపకం నుంచి తీసుకునేది, పాడినంతసేపూ కళ్లు సంఘం నోళ్ల మీదే ఉంచేది. పోయినేడు ఆమె పాడుతుండగా పక్కన కానుకగా నిలబెట్టిన మొక్కజొన్న కట్ట జారి కాళ్ల మీద పడింది. సర్దడానికి వంగింది. ఆ కాసేపట్లో పాట అయిపోయి, పాస్టరయ్య ప్రార్థన మొదలుపెట్టాడు. అవ్వ వంగినది వంగినట్టే ఇంకో చరణం మొత్తం పాడింది. కొంతమంది కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అవ్వ తలెత్తి వాళ్లను చూసింది.

ఆ రోజు నుంచి పాడలేదు. గుడిలో ఆఖరి బెంచీలో కూర్చుని పెదవులు మాత్రం కదిలిస్తుంది. వంటింట్లో కూడా పాట మానేసింది. ఈ ఏడు కోత పండుగకు పాట ఎత్తుకోవాలని పాస్టరయ్య ఫోను చేస్తే, "ఇంకెవరికన్న చెప్పుమను" అని నాతో చెప్పించింది. చెవి మిషన్ కొంటానంటే వినదు.

"గా మిషన్ పెట్టుకుంటే నేను చెవిటిదాన్నని నేనే బోర్డు తగిలించుకున్నట్టు బిడ్డా."

ఇయర్‌బడ్స్ తెచ్చిన రోజు అవ్వ ముందే డబ్బా విప్పాను. అవ్వ మంచం మీద కూర్చుని నన్ను అనుమానంగా చూసింది.

"గవేంది? పోరగాండ్లు చెవులల్ల పెట్టుకునేటియి గదా. నాకెందుకు?"

"పాటలు ఇనెతందుకే అవ్వా."

పరీక్షకు నిశ్శబ్దం కావాలి. ఫ్యాను ఆపాను, ఫ్రిజ్ ఆపాను. పక్కింట్లో మిక్సీ ఆగలేదు. ఇక్కడ చప్పుడు ఎక్కువగా ఉందని ఫోను మొరాయించింది. ఓపిక నశించి అవ్వను కారులో ఎక్కించుకుని మానేరు డ్యాం కట్ట మీదికి పోయాను. మధ్యాహ్నం ఎండలో అద్దాలు మూసి, ఇంజను ఆపి కూర్చున్నాం. చెవిలో సన్నటి కూత వినబడినప్పుడల్లా తెర మీద ఒత్తాలి, అంతే. అవ్వ బుద్ధిగా ఒత్తింది. ఫలితం వచ్చింది. మీ వినికిడి బాగానే ఉంది అని.

నేను ఫోనునూ అవ్వనూ మార్చి మార్చి చూశాను.

"అవ్వా, నిజం చెప్పు. అన్నీ ఇనవడ్డయా?"

"మొదటియి ఇనవడ్డయి. మూడు మూడు సార్లు కొట్టి జరసేపు ఆగుతుంది. లెక్క దొరికింది. ఇంక తాళం వట్టిన."

ముప్పై ఏళ్లు కీర్తనలు నడిపిన మనిషికి వినబడని కూతకు కూడా తాళం వేయడం కష్టమా? ఆ కంపెనీ పరీక్షను మోసం చేసిన మొదటి మనిషి మా అవ్వే అయి ఉంటుందని పడీ పడీ నవ్వాను. అవ్వ కోపగించుకుంది. తాళం వేయనని మాట తీసుకుని మళ్లీ పెట్టాను. ఈసారి తెర మీది వినికిడి గీత కిందికి కిందికి దిగింది. రెండు చెవులూ బాగానే దెబ్బతిన్నాయి, కానీ ఇయర్‌బడ్స్ అందుకోగలిగిన హద్దులోనే ఉన్నాయి. సాయం చేసే బటన్ నొక్కాను. కారు స్టార్ట్ చేసి తిప్పబోతుంటే అవ్వ నా భుజం పట్టుకుంది.

"గా టకటక ఏంది? బండి ఖరాబైందా?"

"ఇండికేటర్ అవ్వా."

"కొన్నకాడినుంచి గిట్లనే కొడుతుందా?"

"కొన్నకాడినుంచి."

ఇంకోసారి వేయమంది. ఖాళీ కట్ట మీద ఎడమకు, కుడికి, మళ్లీ ఎడమకు వేస్తూ పోయాను. నాకు ఏడుపు వచ్చింది, నవ్వూ వచ్చింది. ఇంటికి రాగానే నేను చెప్పులు ఈడుస్తూ నడుస్తానని మందలించింది. సాయంత్రం పప్పులో పోపు వేస్తూ సన్నగా పాట తీసింది. నేను తలుపు చాటున నిలబడి, పోయిన ఏడాదిగా ఆ కంపెనీని తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకున్నాను. ఆ పలుచటి ఫోనును కూడా క్షమించాను.

ఆ ఆదివారం కరీంనగర్ గుడికి ఇద్దరం ఉత్సాహంగా పోయాం. మొదటి కీర్తన మొదలైన నిమిషంలోనే అవ్వ మొహం మాడిపోయింది. రెండూ పీకి సంచిలో వేసుకుంది. మిగతా ఆరాధనంతా ఎప్పటిలాగే పెదవులు కదిలించింది. బయటికి వచ్చాక అడిగాను.

"చెవులల్ల మిల్లు నడుస్తుంది బిడ్డా. గదే మిల్లు. ఇన్నేండ్లకు మల్ల మొదలైంది."

ఇంటికి వచ్చి పెట్టి చూస్తే బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి. తర్వాతి ఆదివారం మళ్లీ గుడిలో మిల్లు. ఇంట్లో బాగుంది, సంతలో బాగుంది, గుడిలోనే చెడిపోతుంది. కోత పండుగ వారం రోజుల్లోకి వచ్చేసింది. నాకు పిచ్చెక్కింది. అప్‌డేట్ చేశాను, అన్నీ తీసేసి మళ్లీ మొదటినుంచి కలిపాను, సెట్టింగులన్నీ తిరగేశాను. కస్టమర్ కేర్ పిల్ల గుడిలో స్పీకర్లు ఎక్కువగా ఉన్నాయేమో అంది. మా గుడిలో ఉన్నది ఒకే ఒక్క స్పీకరు, అదీ సగం రోజులు మూగది. మీ గాజు సాఫ్ట్‌వేర్ మీరే చూసుకోండని ఫోను పెట్టేశాను. పాపం, ఆ పిల్ల తప్పేమీ లేదు.

శుక్రవారం సాయంత్రం ఇంట్లో కుటుంబ ప్రార్థనకు కూర్చున్నాం. అప్పటిదాకా నాతో చక్కగా మాట్లాడుతున్న అవ్వ, ప్రార్థన అనగానే కొంగు నెత్తిన కప్పుకుంది. కప్పుకోగానే ఉలిక్కిపడి చెవి మీద చెయ్యి వేసుకుంది. నేను చూస్తూనే ఉన్నాను. ఆమె చెవుల నుంచి వాటిని తీసి నా చెవుల్లో పెట్టుకుని చున్నీ కప్పుకున్నాను. తల కొంచెం తిప్పానో లేదో బరబరా ఒకటే రాపిడి. ఇయర్‌బడ్ బయటి వైపే మైకులు ఉంటాయి. గంజి పెట్టిన కాటన్ కొంగు వాటిని రుద్దుతుంటే, అది వందింతలై లోపలికి పోతోంది. ధ్వని పాఠం ఇన్నేళ్లుగా చెబుతున్నదాన్ని, గుడికి ప్రతి ఆదివారం నెత్తి కప్పుకుని పోయేదాన్ని, నాకు తట్టలేదు. ఆ కంపెనీ ఇంజనీర్లు గాలి చప్పుడు గురించి ఆలోచించారు, ప్రార్థనలో నెత్తి కప్పుకునే ఆడవాళ్ల గురించి ఆలోచించలేదు. వాళ్లను అనడానికి నాకూ మొహం లేదు.

కారణం దొరికినా దారి దొరకలేదు. పట్టుచీర కడదామంటే అది ఇంకా గరగరలాడింది. చెవుల పక్కన పిన్నులు పెట్టబోతే చెయ్యి తోసేసింది. ఆ ఒక్క పాటకు కొంగు తీసెయ్యమన్నాను.

"నెత్తి మీద కొంగు లేకుంట ప్రార్థనల నిలవడుడా? ఏం మాట్లాడుతున్నవ్?"

"మరి పాట?"

"పాట లేకుంటే మానె."

ఆదివారం తెల్లవారుజామునే భైంసాకు బయలుదేరాం. కొండగట్టు దాటాక అవ్వ ఇండికేటర్ వెయ్యమంది. మలుపు లేకపోయినా వేశాను. చెవుల్లో అవి ఉన్నాయి, అవ్వకు ఆ టకటక వినబడుతోంది, నాకు అదే సంతోషం.

గుడి ముందర సందడిగా ఉంది. వరి కంకులు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు. ఒక మూల మిల్లులో అవ్వతో పనిచేసిన ఇద్దరు ముసలమ్మలు గుడిలో బల్ల ముందర కానుకగా పేర్చడానికి పత్తి విడదీస్తున్నారు. పత్తి ముట్టుకోగానే అలవాటుకొద్దీ కొంగులు చెవుల వెనక్కి తిప్పి ముడివేసుకున్నారు. అవ్వ వాళ్లను చూస్తూ నిలబడిపోయింది. తర్వాత సంచి నా చేతికిచ్చింది. గంజి కొంగును నెత్తి మీదికి లాగి, రెండు చెవుల వెనక్కి గట్టిగా తోసి, మెడ వెనక ముడి బిగించింది. హాల్లో ఉన్న ఫోటోలోలాగే. నెత్తి నిండా కప్పి ఉంది. రెండు చెవుల్లో తెల్లటి ఇయర్‌బడ్స్ మాత్రం సంఘమంతా చూసేలా బయట ఉన్నాయి.

"అందరికి కనవడ్తయి అవ్వా," అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

"కనవడనియ్యి."

లోపల పాస్టరయ్య మొదటి కీర్తన అని ఆగాడు. ఎవరు ఎత్తుకోవాలో ఎవరికీ తెలియక ఒకరినొకరు చూసుకున్నారు. అవ్వ ఆఖరి బెంచీ నుంచి లేచి ముందుకు నడిచింది. పోయినేడు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్న ఒకామె జరిగి దారి ఇచ్చింది. అవ్వ మొక్కజొన్న కట్ట పక్కనే నిలబడి పల్లవి ఎత్తుకుంది. గొంతు మొదట బొంగురుగా ఉంది, రెండో వరుసకు తేరుకుంది. సంఘం అందుకుంది. నేను ఎక్కడైనా తప్పిపోతే సైగ చేద్దామని చెయ్యి సగం లేపి పెట్టుకున్నాను.

ఆ చేతితో పని పడలేదు. అవ్వ నావైపు చూడలేదు, ఎవరి నోటివంకా చూడలేదు. కళ్లు మూసుకుని పాడుతోంది. ఆఖరి చరణం అయిపోయి సంఘం ఆగినచోట తానూ ఆగింది. పాస్టరయ్య ప్రార్థన మొదలుపెట్టాడు. నేను చిన్నప్పటిలాగే ఒక కన్ను తెరిచి చూశాను. అవ్వ కళ్లు ఇంకా మూసుకునే ఉన్నాయి. ఆమెన్ మాత్రం అందరికంటే ముందు ఆమే అంది.